సాగే గురక, ఆగే గురక

నిద్రలో ముక్కూ గొంతూ కలిసి చేసే చప్పుళ్లలో ముఖ్యమైనవి రెండు. ఊపిరి పీల్చినప్పుడల్లా ఒకే వరుసలో, ఒకే తీరులో సాగిపోయే గురక ఒకటి. సాగుతున్న గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపు ఏ చప్పుడూ లేకుండా ఉండి, ఆ తరువాత ఒక్కసారిగా గుర్రుమని పెద్దగా పేలే చప్పుడు రెండోది. ఇంగ్లీషులో మొదటిదాన్ని స్నోర్ అనీ, రెండోదాన్ని స్నార్ట్ అనీ అంటారు. వినడానికి దగ్గర దగ్గరగా ఉండడంతో బాగా చదువుకున్నవాళ్లు కూడా ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తుంటారు. వైద్యుడి దగ్గర మాత్రం ఈ రెంటికీ చాలా దూరం. మొదటిది చాలామందిలో పక్కవాళ్ల నిద్ర చెడగొట్టే చప్పుడు, అంతే. రెండోది మనిషికి ఊపిరి ఆగి మళ్లీ మొదలైందని చెప్పే గుర్తు.

తెలుగిళ్లలో రెంటినీ గురక అనే అంటారు. అందువల్ల వచ్చే చిక్కు ఆస్పత్రిలో బయటపడుతుంది. ‘గురక బాగా పెడతాడు సార్’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. ఆ గురక తెల్లవార్లూ ఒకే తీరున సాగుతోందా, మధ్య మధ్య తెగుతోందా అన్నది చెప్పరు. నిజానికి తేల్చుకోవలసింది అదే. రెండో చప్పుడుకు కాస్త దగ్గరగా వచ్చే మాట ఎగశ్వాస. కానీ అది చివరి ఘడియల్లో ఉన్నవాళ్లకు వాడే మాట కాబట్టి, నిక్షేపంగా నిద్రపోతున్న మనిషి గురించి ఏ ఇల్లాలూ ఆ మాట నోట రానివ్వదు. ఈ అధ్యాయంలో మొదటిదాన్ని సాగే గురక అనీ, రెండోదాన్ని ఆగే గురక అనీ పిలుచుకుంటే సరిపోతుంది.

చప్పుడు పుట్టే చోటు

గురకను ముక్కు చప్పుడుగా లెక్కేస్తారు గానీ, అది ఎక్కువగా పుట్టేది ముక్కు వెనక, గొంతు పైభాగంలో. నోట్లో అంగిలి ముందు భాగం గట్టి ఎముక, వెనక భాగం మెత్తటి కండ. ఆ కండ కొసన వేలాడేది కొండనాలుక. మెలకువగా ఉన్నంతసేపూ గొంతు కండరాలు బిగువుగా ఉండి గాలి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్ర పట్టగానే అవి సడలుతాయి, దారి ఇరుకవుతుంది. ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గి, మెత్తటి గోడలు లోపలికి వంగుతాయి. మెత్తటి అంగిలి, కొండనాలుక గాలికి రెపరెపలాడతాయి. ఆ రెపరెపలే గురక. వెల్లకిలా పడుకుంటే నాలుక మొదలు కూడా వెనక్కి జారి దారిని ఇంకాస్త ఇరుకు చేస్తుంది. ఒత్తిగిలగానే చాలామంది గురక తగ్గేది అందుకే.

ముక్కు పాత్ర లేకపోలేదు. జలుబుతోనో ఎలర్జీతోనో ముక్కు దిబ్బడ పడితే, ముక్కు దూలం వంకరగా ఉంటే, లోపల కండ పెరిగితే, గాలిని గట్టిగా లాగవలసి వస్తుంది. గట్టిగా లాగిన కొద్దీ గొంతు గోడలు లోపలికి వస్తాయి. ముక్కుతో చాలక నోరు తెరుచుకుంటే కింది దవడ జారి, దాంతో నాలుకా వెనక్కి పోతుంది. ముక్కులో మొదలైన ఇబ్బంది గొంతులో చప్పుడై వినిపిస్తుంది.

ఇదంతా సాగే గురక సంగతి. దారి ఇరుకై ఊరుకోకుండా పూర్తిగా మూసుకుపోతే ఆగే గురక మొదలవుతుంది. మూసుకుపోయినప్పుడు చప్పుడుండదు. పక్కన పడుకున్నవాళ్లు ‘అమ్మయ్య, గురక ఆగింది’ అనుకుని అటు తిరిగి పడుకునేది సరిగ్గా ఆ క్షణంలోనే. ఆ సమయంలో మనిషి ఛాతీ, పొట్ట మాత్రం ఎగిరెగిరి పడుతుంటాయి. ఊపిరితిత్తులు లాగుతున్నాయి, గాలి రావడం లేదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి కొన్ని సెకన్లు మేలుకుంటుంది, గొంతు కండరాలు బిగుస్తాయి, దారి తెరుచుకుంటుంది, ఆగిన గాలి ఒక్కపెట్టున లోపలికి దూసుకొస్తుంది. ఆ దూకుడుకు పుట్టే చప్పుడే స్నార్ట్. మనిషి మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. పొద్దున లేచాక వీటిలో ఒక్కటీ గుర్తుండదు.

మెలకువలో వచ్చే స్నార్ట్ వేరు. ఒంగోలు గిత్త కోపంగా బుసకొట్టినా, మనిషి వెటకారంగా ముక్కుతో నవ్వినా గాలి లోపలి నుంచి బయటికి వస్తుంది. నిద్రలో వచ్చేదానికి గాలి బయటి నుంచి లోపలికి పోతుంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకే పేరు ఉన్నా, మొదటిది మనసు చేసే చప్పుడు, రెండోది ఊపిరి అందక ఒళ్లు చేసే చప్పుడు.

వైద్యుల లెక్క ప్రకారం ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితే దాన్ని ఆప్నియా అంటారు. పూర్తిగా ఆగకుండా బాగా తగ్గి, ఆక్సిజన్ పడిపోతే అదీ లెక్కలోకి వస్తుంది. ఇలాంటివి గంటకు 5 లోపు ఉంటే మామూలే. 5 నుంచి 15 దాకా తక్కువ స్థాయి, 15 నుంచి 30 దాకా మధ్య స్థాయి, 30 దాటితే తీవ్రం. గంటకు 30 అంటే రెండు నిమిషాలకొకసారి ఊపిరి ఆగడం. అలా ఏడు గంటలు పడుకున్న మనిషి 200 సార్లకు పైగా నిద్ర తెగి, తెల్లారి ‘రాత్రి ఒళ్లు తెలీకుండా నిద్రపోయాను’ అంటాడు. ఇంట్లోవాళ్లూ అదే నమ్ముతారు. గురక గాఢనిద్రకు గుర్తు అన్న నమ్మకం ఊళ్లలో ఎంత బలంగా ఉందో, అంత తప్పు.

నెల్లూరు జిల్లా అల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలు సాగు చేసేవాళ్లకు ఈ జబ్బు నడిచే తీరు వివరించడం తేలిక. గుంటలో డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పగలంతా బాగానే ఉండి రాత్రి గడిచేకొద్దీ తగ్గుతూ తెల్లవారుజాముకు అడుగంటుతుంది. అందుకే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి, ఆ వేళకు మనిషి మేలుకుని చూసుకుంటాడు. నిద్రలో ఊపిరి ఆగేవాళ్లకూ చాలావరకు అదే వేళ గడ్డుకాలం. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ రాత్రి చివరి భాగంలో ఎక్కువసేపు ఉంటుంది. ఆ దశలో ఒంటి కండరాలు చాలావరకు వదులవుతాయి, గొంతు మరింత తేలిగ్గా మూసుకుపోతుంది, ఊపిరి ఆగే వ్యవధి పెరుగుతుంది. గుంట ఆక్సిజన్‌ను గంట గంటకూ కనిపెట్టి చూసే రైతు తన రక్తంలో ఆక్సిజన్ సంగతి పట్టించుకోకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు. నిద్రలో ఉన్న మనిషి తన నిద్రను తాను చూడలేడు.

పాత కథలు, కొత్త పేరు

గురకను వేళాకోళంగా చూడడం మనకు యుద్ధకాండ నాటి నుంచీ ఉంది. కుంభకర్ణుణ్ణి లేపడానికి వెళ్లిన రాక్షసులు అతని ఊపిరి విసురుకు ఎదురుగా నిలబడలేకపోయారని వాల్మీకి వర్ణించాడు. భారీ శరీరం, విపరీతమైన ఆకలి, ఎంత లేపినా లేవని నిద్ర, దానికి తోడు ఆ ఊపిరి. ఇప్పటి వైద్య విద్యార్థికి ఇవి జబ్బు లక్షణాల పట్టికలా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. అయితే వాల్మీకి చెప్పిన కారణం బ్రహ్మ శాపం.

ఇంగ్లీషు సాహిత్యంలో ఇలాంటివాడే ఒకడున్నాడు. చార్లెస్ డికెన్స్ 1836, 1837 సంవత్సరాల్లో భాగాలుగా వెలువరించిన ‘పిక్‌విక్ పేపర్స్’లో జో అనే లావుపాటి కుర్రాడు నిలబడ్డచోటనే నిద్రపోయి గురక పెడతాడు. 1956లో అమెరికా వైద్యులు ఊబకాయంతో, పగటి నిద్రతో బాధపడే ఒక రోగి గురించి రాస్తూ, ఆ జబ్బుకు పిక్‌విక్ పేరే పెట్టారు. నిద్రలో ఊపిరి ఆగుతోందని 1965లో యూరప్ పరిశోధకులు యంత్రాలతో కొలిచి చూపించారు. స్లీప్ ఆప్నియా సిండ్రోమ్ అన్న పేరు 1976లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ గియ్యమినో బృందం నుంచి వచ్చింది. అంటే వేల ఏళ్లుగా నవ్వుకున్న చప్పుడును జబ్బుగా గుర్తించి యాభై అరవై ఏళ్లే అయింది.

తెలుగు సినిమా ప్రేక్షకులకు ఈ జబ్బు పేరు ఎక్కువగా వినిపించింది 2022 ఫిబ్రవరిలో. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ సినిమాల పాటలతో ఇక్కడి ఊళ్లను ఊపేసిన సంగీత దర్శకుడు బప్పీ లహరి ముంబైలో కన్నుమూసినప్పుడు, ఆయనకు ఆప్నియాతో పాటు ఛాతీలో ఇన్ఫెక్షన్ ఉందని వైద్యులు చెప్పారు. ఆ వారం చాలా ఇళ్లలో భర్తల గురక గురించి కొత్తగా వాకబు మొదలైంది. నెల తిరిగేసరికి మరిచిపోయారు.

జబ్బు అరుదైనది కాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో చేసిన సర్వే 1993లో వెలువడినప్పుడు, పగటి మగతతో కూడిన ఆప్నియా 30 నుంచి 60 ఏళ్ల మగవాళ్లలో నూటికి 4 మందికి, ఆడవాళ్లలో నూటికి ఇద్దరికి ఉందని తేలింది. అప్పటి నుంచి కొలతలూ నడుములూ రెండూ పెరిగాయి. భారతదేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో వేసిన అంచనా ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఇది ఉంది.

చెవితో తేల్చుకోవడం

రెండు గురకల తేడా పట్టుకోవడానికి మొదటి పరికరం చెవి. రెండోది సెల్‌ఫోన్. ఫోన్‌ను తలకు మూరెడు దూరంలో, దిండు ఎత్తున పెట్టి, కాల్స్ రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, వాయిస్ రికార్డర్ ఆన్ చేయాలి. పడుకోగానే రికార్డు చేసిన గంటసేపు అంతగా పనికిరాదు. తెల్లవారుజాము మూడు నుంచి అయిదు మధ్య రికార్డు కావడం ముఖ్యం. ఫ్యాన్ రెక్కల చప్పుడు మరీ ఎక్కువైతే వేగం తగ్గించాలి.

పొద్దున వినేటప్పుడు గురక ఎంత గట్టిగా ఉందన్నది చూడనక్కర్లేదు. మధ్యలో వచ్చే నిశ్శబ్దాలను పట్టుకోవాలి. సాగే గురకలో చప్పుడుకూ చప్పుడుకూ మధ్య ఎడం ఒకేలా ఉంటుంది, వింటుంటే మనకూ నిద్ర వస్తుంది. ఆగే గురక అలా ఉండదు. చప్పుడు మెల్లగా పెరుగుతూ పోతుంది, ఒకచోట తెగుతుంది. అక్కడి నుంచి అంకెలు లెక్కపెట్టాలి. పది దాటినా ఊపిరి చప్పుడు రాక, ఆ తరువాత ఉలికిపాటు లాంటి గుర్రు, రెండు మూడు ఆత్రపు ఊపిరులు, మంచం కిర్రుమనడం, మళ్లీ మెల్లగా గురక మొదలవడం వినిపిస్తే అది ఒక చుట్టు. ఇలాంటి చుట్లు వెంటవెంటనే వస్తుంటే వైద్యుడికి వినిపించవలసిందే. వీడియో ఇంకా మేలు. చప్పుడు ఆగినప్పుడు ఛాతీ కదులుతోందో లేదో అందులో కనిపిస్తుంది.

తీర ప్రాంతంలో ఒక ఇబ్బంది ఉంది. గుంటల గట్ల మీద కాపలా గుడిసెల్లో పడుకునేవాళ్ల గురక ఏరియేటర్ల మోతలో కలిసిపోతుంది. రికార్డు చేసినా వినిపించదు. పైగా అక్కడ పడుకునే మనిషి ఒంటరి, పక్కన వినేవాళ్లే ఉండరు. ఇలాంటివాళ్లు నెలకు ఒకటి రెండు రాత్రులైనా ఇంట్లో పడుకుని రికార్డు చేసుకోవాలి. గల్ఫ్‌లోనో బెంగళూరు హాస్టల్లోనో ఉండే మగపిల్లలకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లకు గది స్నేహితుడే సాక్షి.

పగటి గుర్తులు చప్పుడుకు తోడు నిలుస్తాయి. లేవగానే తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోవడం, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం, చిరాకు, మాత్రలు వేసుకుంటున్నా దిగిరాని బీపీ, అన్నిటికీ మించి కూర్చున్నచోట కునుకు. కునుకును కొలవడానికి 1991లో ఆస్ట్రేలియా వైద్యుడు మర్రే జాన్స్ తయారుచేసిన ఎప్‌వర్త్ స్కేల్ ఇప్పటికీ వాడుకలో ఉంది. చదువుతున్నప్పుడు, టీవీ ముందు, గంటసేపు ప్రయాణంలో, భోజనం చేసి ఊరికే కూర్చున్నప్పుడు, ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి సున్నా నుంచి 3 దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 24కు 10 దాటితే పగటి మగత మోతాదు మించినట్టు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కునుకు తీయడం నెల్లూరు ఎండల్లో అందరికీ ఉన్నదే. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారడం మాత్రం మామూలు కాదు.

ఇంకో ప్రశ్నావళి స్టాప్-బ్యాంగ్. 2008లో కెనడాలోని టొరంటోలో మత్తుమందు వైద్యురాలు ఫ్రాన్సిస్ చుంగ్ బృందం దీన్ని తయారుచేసింది. గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఇతరులు చూడడం, బీపీ, బాడీ మాస్ ఇండెక్స్ 35 దాటిన స్థూలకాయం, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత, మగవాడు కావడం, ఈ ఎనిమిదింటిలో ఎన్నింటికి అవునన్న జవాబు వస్తుందో లెక్క. మూడు వస్తే అనుమానించాలి, అయిదు, ఆపైన వస్తే అనుమానం గట్టిది. మెడ కొలతకు టేపు అక్కర్లేదు. చొక్కా కాలరు సైజు 16 అంగుళాల దగ్గరకు వచ్చిందంటే గీత మీద ఉన్నట్టే. దీన్ని మత్తుమందు డాక్టరు తయారుచేయడంలో అర్థముంది. ఆగే గురక ఉన్న మనిషికి ఆపరేషన్ కోసం మత్తిచ్చినా, ఆ తరువాత నొప్పికి గట్టి మందులిచ్చినా గొంతు మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. హెర్నియాకైనా కాన్పుకైనా ఆపరేషన్ అన్నప్పుడు, అడగకపోయినా గురక సంగతి ముందే చెప్పాలి.

సాగే గురకకు ఇంటి పద్ధతులు

ఊపిరి ఆగడం లేదని తేలితే గురకకు ఇంట్లోనే చేయదగినవి చాలా ఉన్నాయి. ఒత్తిగిలి పడుకోవడం మొదటిది. నవారు మంచం నడుమ జారి గొయ్యి పడితే మనిషి ఎటు తిరిగినా చివరికి వెల్లకిలే పడతాడు. నవారు బిగించుకోవడమో, చాప మీద పడుకోవడమో మేలు. రాత్రి తెలియకుండా వెల్లకిలా తిరిగేవాళ్లు బనీను వీపు భాగంలో చిన్న జేబు కుట్టించుకుని అందులో టెన్నిస్ బంతి పెట్టుకోవడం పాత చిట్కా. నవ్వొచ్చినా పని చేస్తుంది.

సాయంత్రం పూట మందు మానడం రెండోది. మద్యం గొంతు కండరాలను మరింత సడలిస్తుంది. పడుకునే ముందు మూడు నాలుగు గంటల్లో తాగినది నేరుగా గురకలో కనిపిస్తుంది. నిద్రమాత్రలదీ ఇదే పద్ధతి. పగలంతా నీరసంగా ఉంటున్నాడని, నిద్ర చాలడం లేదేమోనని మందుల షాపులో అడిగి నిద్రమాత్ర వేయడం ఆగే గురక ఉన్నవాళ్లకు చేసే పెద్ద అపకారం. పొగ తాగితే ముక్కు, గొంతు లోపలి పొర వాస్తుంది, అదీ గురకను పెంచుతుంది.

ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవచ్చు. యోగాభ్యాసంలో జలనేతి అనేది ఇదే. గ్లాసుడు నీటికి పావు నుంచి అర టీస్పూను ఉప్పు చాలు. నీళ్లు తప్పనిసరిగా కాచి చల్లార్చినవి కావాలి. కాచని బోరు నీళ్లలో, చెరువు నీళ్లలో ఉండే ఒకరకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అల్లూరు మండలంలోనే ఇసకపల్లి ఉప్పు మడులు ఉన్నాయి కదా అని కుప్ప మీది గల్లుప్పు తెచ్చి కలపకూడదు. అందులో మట్టి, ఇతర లవణాలు ఉంటాయి. శుద్ధి చేసినదే వాడాలి. వరికోతలు, నూర్పిళ్లు జరిగే రోజుల్లో ధూళికి ముక్కు మూసుకుపోయేవాళ్లకు ఈ కడుగుడు, మూతికి తుండుగుడ్డ సగం మందు.

ముక్కు దిబ్బడ వెంటనే విప్పే చుక్కల మందు ఇంకో సంగతి. వేసిన అయిదు నిమిషాలకు ముక్కు తెరుచుకుంటుంది, అందుకే జనం దాన్ని వదలరు. వారం దాటి వాడితే మందు దిగిన ప్రతిసారీ ముక్కు మునుపటికన్నా ఎక్కువగా బిగుసుకుంటుంది. నెలల తరబడి దిండు కింద ఆ సీసా లేనిదే నిద్రపోలేనివాళ్లు ఉన్నారు. వాళ్లకు జబ్బు ఆ మందే.

అన్నిటికన్నా గట్టి మందు బరువు తగ్గడం, అన్నిటికన్నా కష్టమైనదీ అదే. విస్కాన్సిన్‌లో నాలుగేళ్లపాటు గమనించి 2000లో వెలువరించిన లెక్కలో, బరువు 10 శాతం తగ్గితే ఊపిరి ఆగే సంఖ్య సుమారు 26 శాతం తగ్గుతుందనీ, 10 శాతం పెరిగితే 32 శాతం పెరుగుతుందనీ తేలింది. 80 కిలోల మనిషికి 10 శాతమంటే 8 కిలోలు. పగటి మగతతో ఒళ్లు కదలదు, కదలకపోతే బరువు పెరుగుతుంది, బరువుతో గురక పెరుగుతుంది. ఈ చక్రంలో ఎక్కడో ఒకచోట పుల్ల పెట్టాలి, రాత్రి అన్నం ముద్దలు తగ్గించడం అందులో తేలికైన చోటు.

గొంతు కండరాలకు వ్యాయామం ఇస్తే బాగుపడతాయన్న ఆలోచన కూడా ఉంది. డిడ్జెరిడూ అనే ఆస్ట్రేలియా ఆదివాసుల ఊదుడు వాయిద్యాన్ని నాలుగు నెలలు సాధన చేసినవాళ్లలో ఆప్నియా కొంత తగ్గిందని 2006లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపించారు. జైపూర్‌లో 30 మంది రోగుల మీద చేసి 2025లో వెలువరించిన చిన్న పరిశీలనలో, ఆరు నెలలు వారానికి అయిదు రోజుల చొప్పున శంఖం ఊదినవాళ్లకు పగటి మగత 34 శాతం తగ్గింది. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు శంఖం కొత్త కాదు. అయితే 30 మంది లెక్కతో మిగతా వైద్యం మానుకోవడం తెలివైన పని కాదు.

పిల్లలు, ఆడవాళ్లు

పిల్లల గురకను ముద్దుగా చూడకూడదు. జలుబు చేసిన నాలుగు రోజులు గురక రావడం మామూలే. జలుబు లేకుండా వారాల తరబడి గురక పెట్టే పిల్లల్లో ఎక్కువమందికి ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్, గొంతులోని టాన్సిల్స్ పెరిగి ఉంటాయి. ఎప్పుడూ నోరు తెరుచుకుని ఉండడం, ముక్కుతో మాట్లాడినట్టు గొంతు, మెడ వెనక్కి వాల్చి పడుకోవడం, పెద్దయ్యాక కూడా పక్క తడపడం, బళ్లో ఒకచోట కుదురుగా కూర్చోకపోవడం దాని గుర్తులు. నిద్ర చాలని పెద్దవాళ్లు మగతగా ఉంటారు. పిల్లలు అలా కాక అల్లరి పెంచుతారు, చదువు మీద నిలవరు, ఆ నిందంతా వాళ్ల మీదే పడుతుంది. అడినాయిడ్స్, టాన్సిల్స్ తీసేస్తే చాలామంది పిల్లల్లో గురక పోతుంది. పగటిపూట మాటిమాటికీ ముక్కు ఎగబీల్చేవాళ్లు, అరచేత్తో ముక్కు కొసను పైకి రుద్దుకునేవాళ్లు ఎలర్జీ పిల్లలు. వాళ్ల దారి వేరు, మందులతో తగ్గుతుంది.

ఆడవాళ్ల విషయంలో జబ్బు కన్నా మొహమాటం పెద్దది. మగవాడి గురక ఇంటిల్లిపాదికీ నవ్వులాట, ఆడమనిషి గురక ఇంటి రహస్యం. పెళ్లికాని పిల్ల గురక పెడుతుందని తల్లి డాక్టరుకైనా చెప్పదు. ముట్లాగిపోయాక ఆడవాళ్లలో ఈ జబ్బు పెరుగుతుంది. పైగా వాళ్లలో పెద్ద చప్పుడుకన్నా నీరసం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ముందుకొస్తాయి. అందుకే రక్తహీనత అనో, మనోవ్యాధి అనో బలం మందులు రాసి పంపేస్తుంటారు. గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా మొదలైన గురకను నెల పరీక్షకు వెళ్లినప్పుడు చెప్పాలి. బీపీ పెరగడంతో దానికి సంబంధం ఉంది.

ఆగే గురకకు ఆస్పత్రి

ఊపిరి ఆగుతోందని అనుమానం గట్టిపడితే ఇంటి చిట్కాలతో కాలం గడపకూడదు. ఏళ్ల తరబడి వదిలేసిన ఆప్నియా బీపీని పెంచుతుంది, గుండె లయ తప్పడానికి, పక్షవాతానికి దారితీస్తుంది. అంతకన్నా ముందు ముంచుకొచ్చేది రోడ్డు. అల్లూరుకు పడమటగా సాగే కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారి మీద తెల్లవారుజామున లారీలు ఆపి, డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపడం పోలీసులు చేసే మంచి పని. నిద్ర చాలని డ్రైవరుకు అది కాసేపు అక్కరకు వస్తుంది. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర దక్కని డ్రైవరుకు చన్నీళ్లు సరిపోవు. కూర్చుంటే కునుకు పట్టే మనిషి పరీక్ష చేయించుకుని, చికిత్సతో మగత తగ్గేదాకా స్టీరింగు పట్టకూడదు.

మొదట చూపించవలసింది ఈఎన్‌టీ వైద్యుడికి గానీ, ఊపిరితిత్తుల వైద్యుడికి గానీ. ముక్కు, గొంతు చూశాక నిద్ర పరీక్ష రాస్తారు. పూర్తి పరీక్షలో ఒక రాత్రి అక్కడే పడుకోవాలి. తలకు, ఛాతీకి, కాళ్లకు తీగలు అంటించి మెదడు తరంగాలు, ఊపిరి, ఆక్సిజన్, గుండె కొలుస్తారు. చిన్న పెట్టె ఇంటికిచ్చి, వేలికి, ముక్కుకు, ఛాతీకి తగిలించుకుని పడుకోమనే పద్ధతి కూడా ఉంది. అనుమానం బలంగా ఉన్నవాళ్లకు అది చాలు. కరోనా నాడు కొన్న పల్స్ ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే దాంతో జబ్బు తేల్చుకోవాలనుకోవడం వృథా. మెలకువగా ఉన్నప్పుడు ఆప్నియా రోగికీ 98 చూపిస్తుంది.

మధ్య స్థాయి, తీవ్ర స్థాయి ఆప్నియాకు ప్రధాన చికిత్స సీప్యాప్ మెషిన్. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సులివాన్ 1981లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. ముక్కు మీద మాస్కు పెట్టి, అందులోంచి ఎడతెగకుండా కాస్త ఒత్తిడితో గాలి పంపిస్తే, ఆ గాలే గొంతు గోడలను దూరంగా పట్టి ఉంచుతుంది. మందు లేదు, కోత లేదు. సరైన ఒత్తిడి కుదిరిన రాత్రే గురక, నిశ్శబ్దం, గుర్రు మూడూ పోతాయి. ఇబ్బందల్లా అలవాటు పడడం దగ్గర. మాస్కు కొలత కుదరక గాలి కళ్లలోకి కొడుతుంది, ముక్కు ఆరిపోతుంది, మొదటి వారం చాలామంది తీసి పక్కన పడేస్తారు. మాస్కు మార్పించుకోవడం, తేమ పెట్టె తగిలించుకోవడం, పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోవడం పనికొస్తాయి. రాత్రికి కనీసం 4 గంటలైనా పెట్టుకుంటేనే వాడినట్టు లెక్క. ఈశాన్య రుతుపవనాల కాలంలో, తుఫాను రోజుల్లో కరెంటు పోవడం తీరంలో మామూలు కాబట్టి, మెషిన్‌తో పాటే ఇన్వర్టర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

మెషిన్ వద్దనుకునేవాళ్లకు, జబ్బు తక్కువ స్థాయిలో ఉంటే, కింది దవడను ముందుకు పట్టి ఉంచే పళ్ల పరికరం దంతవైద్యుడు చేసిస్తాడు. ఆపరేషన్లు కూడా ఉన్నాయి. ముక్కు దూలం సరిచేస్తే ముక్కు బాగుపడుతుంది, గురక కొంత తగ్గుతుంది. గొంతులో మూసుకుపోయే జబ్బు దానితో పోతుందన్న హామీ మాత్రం లేదు. ‘గురకకు ఆపరేషన్’ అన్న బోర్డు చూసి వెళ్లేముందు నిద్ర పరీక్ష అయిందా లేదా చూసుకోవాలి. పరీక్ష లేకుండా కత్తి పట్టే చోటికి వెళ్లనవసరం లేదు.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో రికార్డింగు, వాడుతున్న మందుల చీటీలు, బీపీ లెక్కలు వెంట ఉండాలి. వాటితో పాటు, ఆ గురకను పక్కన పడుకుని విన్న మనిషి కూడా లోపలికి రావాలి. ఈ జబ్బులో బాధ పడేది ఒకరైతే సాక్ష్యం చెప్పవలసింది ఇంకొకరు.